కొబ్బరితోటలో రెండు సీట్ల కారు

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో కొత్తపేట వస్తుంది. ఆ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి విగ్రహాలు. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ ఊరిది. మన కూడళ్లలో నిలబడి ఉన్న నాయకుల విగ్రహాలు ఎన్నో ఇక్కడ తయారైనవే. ముందు బంకమట్టితో రూపం చేస్తారు. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు. ఆ అచ్చులోంచి కంచు విగ్రహమన్నా వస్తుంది, ఫైబర్ విగ్రహమన్నా వస్తుంది. ఈ పని తెలిసిన చేతులు ఊళ్లో ఉన్నాయి గనకే అమలాపురంలో ఒక కారు ఇవాళ రోడ్డు మీద తిరగగలుగుతోంది. ఆ కారును చూడటానికే నేను బయల్దేరాను. దాని బంపరు మూల ఒకటి కొత్తపేటలో తయారవుతోందని తెలిసి ముందు అక్కడ ఆగాను.

ఆగింది పేరున్న శిల్పశాల దగ్గర కాదు. విగ్రహాల పనిలో చెయ్యి తిరిగిన ఒక కుర్రాడి ఇంటి వసారాలో. సంక్రాంతి వెళ్లి వారమైంది, ఎండ పొడిగా ఉంది. వసారాలో రెజిన్ ఘాటు ముక్కుపుటాలు అదరగొడుతోంది. కారుకున్న అసలు బంపరు మూల మీద కొబ్బరిమట్ట పడి నాలుగు ముక్కలైంది. ఆ ముక్కలను ఏరి, వెనక నుంచి అతికి, పైన పుట్టీ పెట్టి నున్నగా రుద్ది, దాని మీద అచ్చు తీశాడు. ఇప్పుడు ఆ అచ్చులోంచి కొత్త మూల తీస్తున్నాడు. అచ్చు లోపలంతా మైనం రుద్ది జెల్‌కోట్ పూశాడు. అది వేలికి అంటీ అంటనట్టు ఉన్న దశలో గాజుపీచు మ్యాట్ పరిచి, బ్రష్షుతో రెజిన్ అద్దుతూ, గాలిబుడగలు మిగలకుండా రోలరుతో ఒత్తుకుంటూ పోతున్నాడు. రెజిన్‌లో మొదట కోబాల్ట్ వేసి బాగా కలిపాకనే హార్డెనర్ వేస్తాడు. కోబాల్ట్, హార్డెనర్ ఒకదానికొకటి నేరుగా తగిలితే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. అందుకే రెండు సీసాలూ వసారాకు చెరో కొసన పెట్టుకున్నాడు.

"వానాకాలం ఈ పని ఒప్పుకోనండి. గాల్లో చెమ్ముంటే పైపొర జిగురు వదలదు, ఆయ్" అన్నాడు. ఇది కారు ముక్కని చెబితే వాళ్లమ్మ నమ్మలేదట. ఫైబర్‌తో కారేమిటని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న ఒక్క ఆవిడదే కాదు. ఫైబర్ ఒళ్లున్న కార్లను మన దేశం ఎప్పుడూ అనుమానంగానే చూసింది. 1982లో బెంగళూరు సిపానీ కంపెనీ బ్రిటన్ వాళ్ల రిలయంట్ కిటెన్ ఆధారంగా డాల్ఫిన్ అనే చిన్న కారు తెచ్చింది. 848 సీసీ ఇంజిను, ఫైబర్ బాడీ, మంచి మైలేజీ. మరుసటి ఏడాది డిసెంబరులో మారుతి 800 వచ్చింది. రేకు బాడీ, జపాన్ పనితనం చూసి జనం అటు వెళ్లిపోయారు. డాల్ఫిన్ గుర్తున్నవాళ్లు ఇప్పుడు కొద్దిమందే.

అమలాపురం బండి ఆ వరసలో తర్వాతిది. దాని పేరు శాన్ స్టార్మ్. గోవాలో శాన్ మోటార్స్ తయారుచేసిన రెండు సీట్ల, పైకప్పు తీసేయగల స్పోర్ట్స్ కారు. కింద ఉక్కు చట్రం, పైన ఫైబర్ ఒళ్లు, ముందు రెనో కంపెనీ 1149 సీసీ ఇంజిను, సుమారు 60 గుర్రాల బలం. ఫైబర్ కార్లకు పేరుపడ్డ రిలయంట్ కంపెనీ ఒక దశలో ఈ గోవా బండిని బ్రిటన్‌కు తెప్పించుకునే పని కూడా చేపట్టింది. ఇప్పుడది తయారీలో లేదు. దేశంలో మిగిలినవి ఎక్కడో ఒకటీ అరా, ప్రాణంగా చూసుకునేవాళ్ల దగ్గరే ఉంటాయి.

అమలాపురంలో ఈ బండి యజమాని పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పి రిటైరైన మాస్టారు. హైదరాబాదులో ఒక ఇంటి సెల్లారులో ఏళ్లుగా కదలకుండా ఉన్న బండిని కొని, లారీ మీద తెచ్చుకున్నారు. బండారులంక వైపు వెళ్లే దారిలో ఆయన తోట. తోట మధ్య షెడ్డు. దాని పైకప్పు రేకులు కాదు, స్లాబు. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లెవరూ కోనసీమలో రేకుల కింద విలువైన వస్తువు పెట్టరు. ఆ రాత్రి కూలిన కొబ్బరిచెట్ల లెక్క ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్ల మాటల్లో వస్తుంది.

"రండి బాబూ, మట్టలు పడే చోట నిలబడకండి" అంటూ మాస్టారు లోపలికి తీసుకెళ్లారు.

బండి చిన్నది. మామూలు మనిషి నడుము దాకా వస్తుందేమో. బానెట్టును ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎత్తి గోడకు చేర్చాం. దాని బరువు చేతికి ఆనలేదు. తేలిక బండి మీద ఇష్టం ఎక్కడ పుడుతుందో ఆ ఒక్క పనితో తెలిసింది. బరువు తగ్గితే చిన్న ఇంజినే చాలు, బ్రేకు మీద భారం తగ్గుతుంది, టైరు ఎక్కువ కాలం మన్నుతుంది, మలుపులో బండి చెప్పిన మాట వింటుంది. 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ ఈ సూత్రం మీదే లోటస్ సెవెన్ చేశాడు. అర టన్ను దరిదాపుల్లో ఉండే బండి. మన మారుతి 800 కూడా 650 కిలోల దాకా తూగేది. లోటస్ సెవెన్‌ను విడిభాగాల పెట్టెగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునే వీలుండేది. పూర్తయిన కారు మీద ఉన్న కొనుగోలు పన్ను విడిభాగాల మీద పడేది కాదు. 1973లో అక్కడ వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. అదే ఏడాది ఆ బండి తయారీ హక్కులు కేటరం కంపెనీ తీసుకుంది, ఇప్పటికీ చేస్తూనే ఉంది. పన్ను మినహాయింపుతో పెరిగిన ఆ అలవాటు వల్ల అక్కడ ఒక తరానికి తరం కారును తామే విప్పడం, తామే బిగించడం నేర్చుకుంది.

మన దగ్గర ఆ దారి లేదు. ఇంట్లో బిగించుకున్న కారుకు రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ నమూనాకు పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్ష చేసి ఆమోదం ఇవ్వాలి. ఒక్క బండి కోసం ఆ ఖర్చు ఎవరూ భరించలేరు. ఉన్న బండిని మార్చుకుందామన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది: కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు. భద్రత కోసం ఈ కట్టడి ఉండాల్సిందే, నాకు అందులో అభ్యంతరం లేదు. కానీ ఒక్కొక్కటిగా చేతులతో చేసుకునే బండ్లకు విడిగా చిన్న పరీక్ష పెట్టి అనుమతించే ఏర్పాటు చాలా దేశాల్లో ఉంది, మనకూ ఉండాలి. హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్ గారు 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్లకు మన చేతుల్లో ఎంత పనితనం ఉందో వేరే చెప్పక్కర్లేదు. వస్తువుల ఆకారంలో నడిచే కార్లు ఆయన సొంతంగా చేసినవి. ఇంజినీరింగు పిల్లల కోసం ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి బాహా, 2011 నుంచి సూప్రా పోటీలు నడుపుతోంది. పిల్లలు చట్రం వెల్డు చేసి, ఇంజిను ఎక్కించి, పోటీలో తోలుతారు. తర్వాత ఆ బండి కాలేజీ మూలన ఉండిపోతుంది, ఎందుకంటే రోడ్డెక్కే హక్కు దానికి లేదు. అందుకే తేలిక స్పోర్ట్స్ కారు కావాలనుకున్న మాస్టారి లాంటివాళ్లకు, కాగితాలు సరిగా ఉన్న పాత శాన్ స్టార్మ్ ఒక చట్టబద్ధమైన దారి.

ఇక బండి జబ్బుల సంగతి.

ఆ రోజు షెడ్డులో ఉన్నవి మూడు. కుడి ఇండికేటరు వేస్తే వెనకున్న ఎర్రలైటు కూడా దానితో పాటు మిణుకుతోంది. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ఇంజిను వేడి చూపే ముల్లు పైకి జరుగుతోంది, లైట్లు ఆర్పితే దిగిపోతోంది. స్టార్టరు ఒక్కోసారి టక్కుమని ఊరుకుంటోంది. అంతకుముందు చూసిన మెకానిక్ ఒకరు బల్బులు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, స్టార్టరు విప్పి కార్బన్లు వేశారు. మూడు జబ్బులూ అలాగే ఉన్నాయి. అమలాపురంలో ఆటోలకూ ట్రాక్టర్లకూ వైరింగు చేసే ఒక ఎలక్ట్రీషియన్‌ను మాస్టారు పిలిపించారు. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బాడీ మీద వేలితో కొట్టి, "ఫైబర్ కదండీ మాస్టారూ? అయితే మూడు కాదండి, ఒకటే జబ్బు. ఎర్తు" అన్నాడు.

ఇది వివరంగా చెప్పుకోవాలి. ఫైబర్ బండి ఉన్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇదే. రేకు కారులో బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపేస్తారు. ప్రతి లైటుకూ ఒక్క వైరు వెళ్తే చాలు, కరెంటు తిరిగి రావడానికి బాడీయే దారి. ఫైబర్‌లో కరెంటు పారదు. ప్రతి బల్బు నుంచీ తిరుగు వైరు చట్రం దాకా రావాలి, చట్రం నుంచి బ్యాటరీకి చేరాలి. 1953లో అమెరికాలో షెవర్లే మొదటి కార్వెట్ చేసినప్పుడు ఆ కంపెనీ పనివాళ్లకే ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఫైబర్ ఒంటి మీద బిగించిన లైట్లకూ మీటర్లకూ ఎర్తు అందక వెలగలేదు. ఆ ఏడాది వాళ్లు చేసిన 300 బండ్లూ ఫైబర్‌వే. అదే ఫైబర్ రేడియో తరంగాలను ఆపదు గనక ఏరియల్‌ను డిక్కీ మూతలోనే దాచేశారు.

తిరుగు వైరు తుప్పుపట్టిందనుకోండి, కరెంటు ఆగిపోదు. పక్కనున్న ఇంకో బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. ఇండికేటరుతో పాటు ఎర్రలైటు మిణకడం అందువల్లే. హెడ్‌లైట్లు, మీటరు బోర్డు ఒకే ఎర్తు బోల్టు దగ్గర కలుస్తాయి. ఆ బోల్టు తుప్పుపడితే, హెడ్‌లైట్ల పెద్ద కరెంటు అక్కడ అడ్డుపడి ఆ బిందువులో వోల్టేజి పెరుగుతుంది. వేడి ముల్లు ఆ తేడాను కూడా కలుపుకుని తప్పు చూపిస్తుంది. ఇంజిను నిజంగా వేడెక్కలేదు. థర్మోస్టాట్ మార్చడానికి పెట్టిన డబ్బు వృథా.

ఎలక్ట్రీషియన్ ముందుగా మల్టీమీటరును బీప్ శబ్దం చేసే స్థానంలో పెట్టి ఆ ఎర్తు వైరు పరీక్షించాడు. బీప్ వచ్చింది. "ఇక్కడే అందరూ మోసపోతారండి" అన్నాడు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. లోడు పడితేగానీ దాని బలం తెలియదు. హెడ్‌లైట్లు వేయించి, మీటరును వోల్టుల మీదకు తిప్పి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీదా ఇంకోటి లైటు ఎర్తు లగ్గు మీదా పెట్టాడు. బాగున్న చోట 0.1, 0.2 వోల్టులకు మించకూడదు. మీటరు 4 దగ్గర నిలబడింది. 12 వోల్టుల్లో మూడోవంతు దారిలోనే ఆవిరవుతోంది. మాస్టారు క్లాసులో లాగా వేలెత్తి, "లోడు మీద కొలవాలి, లోడు మీద! నేను ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను" అన్నారు.

స్టార్టరు కథ కూడా దాన్లో భాగమే. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు వెళ్లదు గనక ఇంజినుకూ చట్రానికీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటుండాలి. ఇక్కడది పచ్చగా చిలుముపట్టి పొడి రాలుతోంది. స్టార్టరు లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు వేరే దారి లేక యాక్సిలరేటరు కేబులు గుండా పోయిందని, దాని తొడుగు కరిగిన చోటు చూస్తే అర్థమైంది. ఇలాంటి బండిలో కేబులు వేడెక్కితే కేబులు మార్చి ఊరుకోకూడదు.

మరమ్మతు పెద్ద ఖర్చు లేనిది. బ్యాటరీ దగ్గర నుంచి మందపాటి రాగి వైరు ఒకటి బండి ముందు నుంచి వెనకదాకా లాగాడు. ప్రతి మూలా దానికి ఒక బోల్టు. బోల్టు కూర్చునే చోట రంగు గీకి లోహం మెరిసేదాకా సాండ్ పేపరు పట్టి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజెలీన్ దట్టంగా పూశాడు. లగ్గులను శ్రావణంతో నొక్కలేదు, సరైన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాడు. ఇంజినుకు కొత్త రాగి పట్టీ వేశాడు. మధ్యాహ్నం భోజనాలకు ముందు మొదలుపెట్టిన పని చీకటి పడేసరికి అయింది. మళ్లీ లోడు మీద కొలిస్తే 0.1. ఇండికేటరు ఒక్కటే వెలిగింది. లైట్లు వేసినా ముల్లు కదల్లేదు. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది.

ఇంకో చిక్కు ఎలుకలది. కొబ్బరితోటలో ఏళ్ల తరబడి నిలిపిన బండికి పందికొక్కులు పెద్ద శత్రువులు. డాష్‌బోర్డు వెనక మూడుచోట్ల వైర్లు కొరికేశాయి. మాస్టారు ఇప్పుడు బండిని వారానికి ఒకసారైనా తోలతారు. తిరిగే బండిలో ఎలుక గూడు పెట్టదు. చమురు పైపుల్లో తిరుగుతుంది, సీళ్లు ఎండిపోవు. షెడ్డులో దాచిన బండి బాగుంటుందనుకోవడం మన వైపు బాగా పాతుకుపోయిన అపోహ.

వేడి మీద స్టార్టు కాకపోవడం కూడా కొంతకాలం వేధించిందట. ఎండలో నడిపి ఆపితే మళ్లీ అందుకోదు, చల్లారాక మామూలే. రెనో ఇంజిన్ల మీద పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన లక్షణం. గేరుబాక్సు పైభాగంలో ఫ్లైవీలుకు ఎదురుగా చిన్న క్రాంక్ సెన్సారు ఉంటుంది. ఇంజిను తిరుగుడు లెక్క కంప్యూటరుకు అందించేది అదే. దాని మొన మీద ఇనుపపొడి, నూనె జిడ్డు పేరుకుంటే, లేక ప్లగ్గు వదులైతే, సంకేతం బలహీనపడుతుంది. తీసి తుడిచి, ప్లగ్గు పిన్నులు సరిచేసి పెడితే చాలాసార్లు నయమవుతుంది. కంప్యూటరు పెట్టె పాడైందని వేలు ఖర్చు పెట్టించేముందు ఈ ఒక్క పని చేసి చూడాలి.

పెట్రోలు విషయం మాస్టారు గట్టిగా చెప్పారు. 2023 ఫిబ్రవరిలో దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలై, 2025కల్లా అంతటా అదే అయింది. ఈ బండి పుట్టినప్పుడు ఆ ఊసే లేదు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాల్లో చెమ్మను లాగుతుంది. కోనసీమ గాలికి అసలే చెమ్మెక్కువ. ట్యాంకు నుంచి ఇంజిను దాకా రబ్బరు గొట్టాలన్నీ తీసేసి, ఇథనాల్‌కు ఓర్చే గొట్టాలు వేయించారు. ఫైబర్ ఒంటి కింద పెట్రోలు కారి అంటుకుంటే, రేకులా కాకుండా ఒళ్లు కూడా కాలుతుంది. ఈ ఖర్చు మాత్రం వాయిదా వేయకూడదు. డ్రైవరు సీటు పక్కన మంటలార్పే చిన్న సిలిండరు కూడా బిగించారు. బ్రేకు ఆయిలూ చెమ్మ పీల్చేదే, దాన్ని రెండేళ్లకోసారి మారుస్తారు.

ఫైబరుకు తుప్పు లేదు గనక బండికి చావు లేదనుకుంటారు కొందరు. చావు కిందనుంచి వస్తుంది. ఉక్కు చట్రం గొట్టాల్లోకి ఉప్పుగాలి, నీళ్లు చేరి లోపలినుంచి తింటాయి, పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను వెళ్లకముందే మాస్టారు చిన్న సుత్తితో గొట్టాన్ని తడుతూ వచ్చారు. గట్టిచోట ఖంగుమంది, ఒకచోట మందంగా మోగింది. ఆ ముక్క కోసి కొత్త గొట్టం వేయించారు. పాశర్లపూడి, తాటిపాక వైపు చమురు, గ్యాసు పనుల్లో పైపులు అతికి ఆర్గాన్ వెల్డింగ్ నేర్చిన చేతులు కోనసీమలో ఉన్నాయి. పలచని గొట్టాన్ని కరిగించకుండా అతకడం వాళ్లకే వచ్చు. వెల్డింగుకు ముందు బ్యాటరీ విప్పి, కంప్యూటరు పెట్టె తీసి, పక్కనున్న ఫైబరు మీద తడిగోనె కప్పారు. ఆఖర్న గొట్టాల్లోకి మైనం కలిపిన నూనె ఎక్కించారు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఈ తోటలోకి నీళ్లు రాకపోయినా, బండిని కొబ్బరి మొద్దుల మీదకెత్తి బ్యాటరీ తీసి పెట్టారు.

చెప్పాల్సింది ఇంకోటుంది. ఇందులో ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు. దెబ్బ తగిలితే ఫైబరు రేకులా నలిగి దెబ్బను పీల్చుకోదు, ముక్కలవుతుంది. సీటుబెల్టు బోల్టులు ఫైబరు మీదే ఉంటే లాభం లేదు, అవి చట్రానికి కలవాలి, లేదా వెనక వెడల్పాటి ఉక్కు పలక ఉండాలి. మాస్టారు కొన్నాక మొదట చూసింది ఇంజిను కాదు, ఆ బోల్టులే.

మర్నాడు పొద్దున్నే బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలు వైపు బయల్దేరాం. మాస్టారు తోలుతున్నారు. వైనతేయ మీద గాలి ముఖాన కొడుతోంది. 60 గుర్రాల బలమంటే కాగితం మీద తక్కువే. ఈ బరువుకు అది చాలు, మూడో గేరులో వేసిన వెంటనే బండి అందుకుంటుంది. కొబ్బరికాయల లారీ పక్కకు వచ్చినప్పుడు దాని చక్రం పైఅంచు దాదాపు నా తల ఎత్తున ఉంది. లారీ డ్రైవరుకు మనం కనబడమన్న లెక్కతోనే తోలాలి అన్నారు మాస్టారు. పగలు కూడా లైట్లు వేసే ఉంచారు. తాటిపాక దగ్గర స్పీడు బ్రేకరును ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటించారు. మలికిపురం దాటి దిండి చేరేసరికి టీకొట్టు దగ్గర పిల్లలు చుట్టూ మూగారు. "తాతగారూ, ఇది ఎంత పోద్దండి?" అని ఒకడు. "ఎంత పోతుందన్నది కాదురా, ఎంత బరువుందో అడుగు" అని మాస్టారు. ఆ పిల్లాడిని బానెట్టు ఒక పక్క ఎత్తమన్నారు. ఎత్తాడు. వాడి ముఖం వెలిగిపోయింది.

దిండి నుంచి అంతర్వేది వైపు పల్లిపాలేల్లో ఫైబర్ తెప్పలు బాగుచేసేవాళ్లున్నారు. మాస్టారు బండి కింది పలకకు తగిలిన చీలికను వాళ్లలో ఒకాయనకు చూపించారు. ఆయన చీలిక రెండు వైపులా గ్రైండరుతో ఏటవాలుగా అరగదీయాలని, చీలిక ఎంత లోతుంటే దానికి పదింతలకు తగ్గకుండా వెడల్పు తీసుకోవాలని, పైపైన పట్టీ వేస్తే ఊడిపోతుందని చెప్పాడు. తెప్పకు అలల దెబ్బ రోజంతా తగులుతుంది, అక్కడ నిలిచిన అతుకు కారుకు ఆడుతూ పాడుతూ నిలుస్తుంది. గ్రైండరు పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ సరిపోదు, మంచి మాస్కు ఉండాలని నేను అడగకుండానే చెప్పాడు. గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడుకోవాలని ఆయనకు అనుభవమే నేర్పింది.

కొత్తపేట అచ్చు, అమలాపురం వైరింగు, పాశర్లపూడి వెల్డింగు, అంతర్వేది తెప్ప అతుకు. ఈ నాలుగు పనులూ తెలిసినవాళ్లు ఒకరినొకరు ఎరగరు. మాస్టారి కారు వల్లే వాళ్ల పనులు ఒకచోట కలిశాయి. ఇది నాకు చాలా విలువైన సంగతిగా తోచింది. పెద్ద నగరంలో ఇలాంటి బండి పెట్టుకున్నవాళ్లు విదేశాల నుంచి ముక్క తెప్పించుకోవడానికి నెలలు ఎదురుచూస్తారు. ఇక్కడ ముక్కను ఇక్కడే తీస్తున్నారు. విదేశీ కిట్‌కార్ల ఊళ్లకు ఉన్న నైపుణ్యం కోనసీమలోనూ ఉంది. ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో ఫైబర్ పని ఒక పాఠంగా పెట్టమని మాస్టారు సర్వీసులో ఉన్నప్పటి నుంచీ అడుగుతున్నారు. విగ్రహాలు, తెప్పలు, నీళ్ల ట్యాంకులు, బస్సుల ముందు ముక్కలు, అన్నీ ఫైబరే. పిల్లలకు కూలిపనిగా కాక చదువుగా నేర్పితే రెజిన్ ఎలా కలపాలో, మాస్కు ఎందుకు పెట్టుకోవాలో కూడా నేర్చుకుంటారు.

మీ ఊళ్లో ఏ షెడ్డులోనైనా ఇలాంటి పాత ఫైబర్ బండి ఉంటే తుక్కు వ్యాపారికి ఇచ్చేయకండి. ముందు కాగితాలు చూసుకోండి. కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, గడువు దాటితే అపరాధ రుసుం కూడా. కాగితాలు సరిగా ఉంటే చట్రం తట్టి చూడండి, పెట్రోలు గొట్టాలు మార్చండి. ఆ తర్వాత బల్బు ఒక్కటి కూడా కొనకముందే, లైట్లు వేసి, మల్టీమీటరుతో ఎర్తు కొలవండి.